కృత్రిమ డిస్కు: కంపెనీ పేరు అడిగేముందు అడగాల్సినవి

సంపాదకులు గారికి,

నమస్కారం. వెన్నులో అరిగిన డిస్కు తీసేసి కృత్రిమ డిస్కు పెట్టే ఆపరేషన్ గురించి ఈమధ్య తెలుగు పత్రికల ఆరోగ్యం పేజీల్లోనూ ప్రకటనల్లోనూ తరచూ కనిపిస్తోంది. "రాడ్లు వద్దు, స్క్రూలు వద్దు, మెడ మునుపటిలా తిరుగుతుంది" అన్న మాట చదివి నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి, ఒంగోలు నుంచి స్కానింగు కవర్లు చంకన పెట్టుకుని చెన్నై సెంట్రల్లో దిగేవాళ్లు ఎందరో. గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల లాడ్జీలో గది తీసుకుని, మర్నాడు ఓపీలో కూర్చున్నాక వాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "ఏ కంపెనీ డిస్కు మంచిదండీ?" రెండోది: "ఎంతవుతుంది?" రెండూ అడగాల్సినవే, కాకపోతే చివర్లో. ముందు అడగాల్సింది "నా వెన్ను దీనికి పనికొస్తుందా?" అని, ఆ తర్వాత "చేసేదెవరు?" అని. ఈ వరస తారుమారైనప్పుడే చిక్కులొస్తున్నాయి గనుక ఈ ఉత్తరం కొంచెం పొడుగైనా రాస్తున్నాం.

మెడ డిస్కు, నడుం డిస్కు ఒకటే ఆపరేషన్ అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. మెడలో దీన్ని చేసేది ఎక్కువగా నొప్పి చేతిలోకి పాకుతున్నవాళ్లకి, నరమో వెన్నుపామో నొక్కుకుపోతున్నవాళ్లకి. గొంతు ముందువైపు చిన్న కోత. కండరాల మధ్య సహజంగా ఉండే సందులోంచి వెళ్తారు. డిస్కు తీసి నరానికి చోటిచ్చేదాకా పని ఒకటే. ఆ ఖాళీలో కేజ్ (పూసల మధ్య ఆనించే చిన్న పెట్టె లాంటిది), ప్లేటు పెట్టి రెండు పూసల్నీ అతికించాలా (దీన్నే ఫ్యూజన్ అంటారు), కదిలే డిస్కు పెట్టాలా అన్నదే తేడా. నడుములో సంగతి వేరు. అక్కడ చేసేది ప్రధానంగా నడుం నొప్పికి, ఆ నొప్పి ఆ డిస్కుదేనని తేల్చడమే కష్టం. దారి పొట్ట ముందునుంచి; పేగుల సంచిని పక్కకు తప్పించి, కాళ్లకు పోయే పెద్ద రక్తనాళాల్ని జరిపి వెళ్లాలి. మెడలో వచ్చిన ఫలితాలు చూపించి నడుం ఆపరేషన్‌కి ఒప్పించే ప్రకటనని నమ్మకండి.

ఎవరికి పనికొస్తుందన్న ప్రశ్నకి జవాబు ఎమ్మారై రిపోర్టులో ఉండదు. నలభై దాటినవాళ్లలో ఏ నొప్పీ లేనివాళ్ల ఎమ్మారైలో కూడా "డిస్క్ బల్జ్", "డీహైడ్రేషన్" అని రాసి ఉండటం మామూలే. డిస్కు జారి కాల్లోకి లాగే నొప్పి చాలామందికి 6 నుంచి 12 వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. నడుం డిస్కు మార్పిడికి అమెరికాలో అనుమతి ఇచ్చినప్పుడు కూడా కనీసం 6 నెలలు మందులు, వ్యాయామం, ఫిజియోథెరపీ ప్రయత్నించి ఫలితం లేనివాళ్లకే అని షరతు పెట్టారు. ఆ 6 నెలల వ్యాయామం కాగితం మీద కాదు, నిజంగా చేసి ఉండాలి. వేడి కాపడం, కరెంటు పెట్టించుకోవడం పది రోజులు జరిగితే దాన్ని ఫిజియోథెరపీ విఫలమైంది అనరు.

వేచి ఉండకూడని సందర్భాలూ ఉన్నాయి. మూత్రం బిగబట్టినట్టయి రాకపోవడం, తెలియకుండా పోవడం, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం, పాదం పైకి లేవకపోవడం ఉంటే అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి. మెడ విషయంలో వెన్నుపాము నొక్కుకుంటే నొప్పి పెద్దగా లేకపోవచ్చు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడం కష్టమవుతుంది, అన్నం కలుపుకుంటుంటే వేళ్లు మాట వినవు, నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలియదు. ఇలాంటివాళ్లు "ఇంకో ఆర్నెల్లు కాపడం పెట్టి చూద్దాం" అనుకోవడం ప్రమాదం.

అలాగే డిస్కులా కనిపించి డిస్కు కాని నొప్పులు మన ప్రాంతంలో తక్కువేమీ కావు: తుంటి కీలు అరుగుదల, షుగరు వల్ల నరాల మంట, బీ12 లోపం, మణికట్టు దగ్గర నరం నొక్కుకోవడం, అన్నిటికీ మించి వెన్నుపూస టీబీ. రాత్రిపూట నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే కృత్రిమ డిస్కు మాట పక్కన పెట్టి ముందు దాన్ని తేల్చాలి.

వెన్నులో ఒక్కో మట్టాన్నీ (రెండు పూసలు కలిసే ఒక్కో చోటునీ) ముక్కాలి పీటలా ఊహించుకోండి. ముందు కాలు డిస్కు, వెనకున్న రెండు కాళ్లు పూసల వెనకవైపుండే చిన్న కీళ్లు, వాటినే ఫేసెట్ కీళ్లంటారు. ఈ ఆపరేషన్ ముందు కాలినే మారుస్తుంది. వెనక రెండూ అరిగి ఉంటే, ముందు కాలు కొత్తదై మళ్లీ కదలడం మొదలయ్యేసరికి వెనక నొప్పి పెరుగుతుంది. ఆపరేషన్ సక్రమంగా జరిగి, ఎక్స్‌రే చూడముచ్చటగా ఉండి, రోగి మాత్రం ఏడుస్తూ తిరిగొచ్చే కేసుల్లో పెద్ద భాగం ఇదే. ఫేసెట్ కీళ్ల అరుగుదల ఎమ్మారై కంటే సీటీ స్కాన్లో బాగా తెలుస్తుంది. నడుం డిస్కు మార్చాలన్న సర్జన్ సీటీ అడగకపోతే ఎందుకు అడగలేదో మీరే అడగండి.

ఎముక బలం తర్వాతి సంగతి. డెక్సా స్కాన్లో (ఎముక గట్టిదనం కొలిచే పరీక్ష) టీ స్కోరు, అంటే అందులో వచ్చే అంకె, మైనస్ 2.5, అంతకంటే కిందకి ఉంటే ఎముక గుల్లబారినట్టు లెక్క. కానీ నడుం డిస్కు మార్పిడికి హద్దు ఇంకా కఠినం: ప్రొడిస్క్-ఎల్ (నడుముకి పెట్టే ఒక రకం కృత్రిమ డిస్కు) లాంటివాటి సూచనల్లో టీ స్కోరు మైనస్ 1 కంటే తక్కువున్నా వద్దన్నారు. మెత్తని ఎముకలోకి లోహపు పలక దిగబడిపోతుంది. 1960ల్లో స్వీడన్ సర్జన్ ఉల్ఫ్ ఫెర్న్‌స్ట్రోమ్ డిస్కు స్థానంలో స్టీలు గోళీలు పెట్టినప్పుడు జరిగింది అదే. గోళీలు పూసల్లోకి కూరుకుపోయాయి. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లు, ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడినవాళ్లు (ఆస్తమాకి, కీళ్ల వాతానికి, ఊళ్లో తెలియకుండా ఇచ్చే పొడుల రూపంలో కూడా) డెక్సా లేకుండా ఈ ఆపరేషన్‌కి ఒప్పుకోకూడదు.

ఇంకా కొన్ని అడ్డంకులు: ఒక పూస ఇంకోదాని మీద జారి ఉండటం, వెన్ను వంకర, పూస వెనక వంపులో పగులు, పాత ఇన్ఫెక్షన్. మెడలో అయితే ఒక ముఖ్యమైన తనిఖీ ఉంది. వెన్నుపాము ముందున్న పట్టీ ఎముకగా గట్టిపడే జబ్బు (ఓపీఎల్ఎల్ అంటారు) ఆసియా వాళ్లలో ఎక్కువ. ఎమ్మారైలో అది డిస్కు ఉబ్బులాగే నల్లగా కనిపించి మోసం చేస్తుంది. సీటీలో ఎముకగా బయటపడుతుంది. ఇది ఉన్నవాళ్లకి కదిలే డిస్కు పెట్టకూడదు. మెడ ముందుకూ వెనక్కీ వంచి తీసిన ఎక్స్‌రేలో ఆ మట్టం అసలు కదలనే కదలకపోయినా, డిస్కు ఎత్తు సగానికి పైగా కుంగిపోయినా కదలికను "కాపాడటానికి" అక్కడ మిగిలిందేమీ లేదు. మరోవైపు మరీ ఎక్కువ కదులుతుంటే, అంటే 3.5 మిల్లీమీటర్లకి మించి జారుతుంటే, అది అస్థిరమైన మెడ. దానికి అతికించడమే వైద్యం.

ఫ్యూజన్ బూచి కాదు. మెడలో అతికించిన చోటికి పక్కనున్న డిస్కు వల్ల కొత్త బాధలు ఏడాదికి సుమారు 2.9 శాతం మందికి వస్తున్నాయని 1999లో అచ్చయిన అధ్యయనం చెప్పింది. డిస్కు మార్పిడికి వాదన ప్రధానంగా దాని మీదే నిలబడింది. అందులో వయసు పాలెంత, ఫ్యూజన్ పాలెంత అన్నది ఇంకా వాదనే. ముప్ఫై, నలభై ఏళ్ల వయసులో ఒకటి రెండు మెడ డిస్కులు చెడి, మిగతా మెడ బాగున్నవాళ్లకి కృత్రిమ డిస్కు మంచి మార్గమే. అరవై ఐదేళ్ల వయసులో మెడంతా అరిగి, ఎముక పెరిగినవాళ్లకి కాదు. మా అనుభవంలో "నీకు ఇది పనికిరాదు" అని ఎక్కువసార్లు చెప్పే సర్జన్ చేతిలోనే దీని ఫలితాలు బాగుంటాయి.

సర్జన్ని ఎంచుకునేటప్పుడు బోర్డు మీద డిగ్రీలు చూడండి గానీ అక్కడే ఆగకండి. ఎముకల వైపు నుంచి వచ్చిన ఎంఎస్ ఆర్థో అయినా, న్యూరో వైపు నుంచి వచ్చిన ఎంసీహెచ్ అయినా ఫర్వాలేదు. దాని తర్వాత వెన్నుకే ప్రత్యేకంగా శిక్షణ ఉండాలి. నేషనల్ బోర్డు వారి ఎఫ్ఎన్‌బీ స్పైన్ సర్జరీ, లేదా వెన్ను సర్జన్ల సంఘం గుర్తించిన ఫెలోషిప్ అలాంటివి. రిజిస్ట్రేషన్ తమిళనాడు మెడికల్ కౌన్సిల్ జాబితాలో చూసుకోవచ్చు. ఇవి గేటు పాసు మాత్రమే. అసలు ప్రశ్నలు ఇవి: నాకున్న మట్టంలోనే, మెడలో సీ5-సీ6 (మెడ 5, 6 పూసల మధ్య) అనో నడుములో ఎల్4-ఎల్5 (నడుం 4, 5 పూసల మధ్య) అనో, పోయినేడాది మీరు ఎన్ని డిస్కులు మార్చారు? అదే ఏడాది ఎన్ని ఫ్యూజన్లు చేశారు? మార్చినవాటిలో మళ్లీ తెరవాల్సి వచ్చినవి ఎన్ని, ఎందుకు? అయిదేళ్ల కిందట చేసినవాళ్లని ఇప్పటికీ చూస్తున్నారా? ఆ రోజు టేబుల్ దగ్గర మొదటినుంచి చివరిదాకా ఉండేది మీరేనా?

ఈ ప్రశ్నలకి కోపం తెచ్చుకునే డాక్టరు గారికి దండం పెట్టి బయటికొచ్చేయొచ్చు. రెండూ చేసే సర్జన్ కావాలి: ఫ్యూజన్ మాత్రమే వచ్చినవాళ్లు అందరికీ ఫ్యూజనే చెప్తారు, డిస్కు మార్పిడే తన గుర్తింపుగా చేసుకున్నవాళ్లు అందరికీ అదే చెప్తారు. ఇంకొకరి అభిప్రాయం తీసుకోవడం మీ హక్కు. దానికి కావాల్సింది ఫిల్ముని సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపడం కాదు. స్కాన్ సెంటర్ ఇచ్చే సీడీ, నిలబడి తీసిన ఎక్స్‌రేలు, వంగి తీసినవి. ఎమ్మారై పడుకోబెట్టి తీస్తారు కాబట్టి పూస జారడం అందులో దాగిపోవచ్చు. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో మీ రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య నీతి నియమావళిలోనే ఉంది.

నడుం ఆపరేషన్‌కి ఇంకో మనిషి గురించి కూడా అడగాలి, చాలామంది అడగరు. పొట్ట ముందునుంచి వెళ్లే దారి తెరిచేదెవరు? ఎల్5-ఎస్1 (నడుం చివరి పూసకీ దాని కింది త్రికాస్థికీ మధ్య) దగ్గర పెద్ద నాళాలు రెండుగా చీలిన చోటికి కిందుగా, వాటి మధ్యలోంచి పోవచ్చు. ఎల్4-ఎల్5కి మాత్రం ఎడమ కాలి పెద్ద సిరను పక్కకు లాగాలి, దానికి అంటిపెట్టుకున్న ఇలియోలంబార్ సిరను కట్టి కోయాలి. అది చిరిగితే నిమిషాల్లోనే రక్తం ఆపాలి. ఈ పని రోజూ చేసే వ్యాస్కులర్ (రక్తనాళాల) సర్జన్ టేబుల్ దగ్గరే ఉండాలి. "కావాలంటే ఫోన్ చేసి పిలుస్తాం" అన్న జవాబు చాలదు. మగవాళ్లకి ఇంకో మాట చెప్పాలి. అక్కడి సన్నని నరాల జాలం దెబ్బతింటే వీర్యం వెనక్కి, మూత్రాశయంలోకి పోవచ్చు. చాలాసార్లు సర్దుకుంటుంది, ఎప్పుడూ కాదు. పిల్లలు కావాలనుకునేవాళ్లు ముందే వీర్యం దాచుకోవడం గురించి మాట్లాడాలి. ఈ విషయం సిగ్గుపడి ఎవరూ ఎత్తరు. సమ్మతి పత్రంలో ఇంగ్లీషు లైను మధ్య పోతుంది. ఆపరేషన్ తర్వాత ఒక కాలు వెచ్చగా, ఇంకోటి చల్లగా అనిపిస్తే గాబరా పడక్కర్లేదు. ఎడమవైపు సన్నని నరాలు కదలడం వల్ల ఆ కాలు వేడెక్కుతుంది, కుడికాలు మామూలుగానే ఉంటుంది.

మెడ వైపు నుంచి చూస్తే, మింగడం కష్టమవడం, గొంతు బొంగురుపోవడం కొందరికి వస్తాయి, ఎక్కువమందికి వారాల్లో తగ్గుతాయి. ఇంతకుముందు మెడ ముందునుంచి ఏ ఆపరేషన్ జరిగినా, థైరాయిడ్‌ది అయినా సరే, ఈఎన్‌టీ డాక్టరు చేత స్వరతంతువులు చూపించుకుని గానీ రెండోవైపు కోయించుకోకూడదు. టీచర్లు, పాడేవాళ్లు, గుడిలో అర్చకులు ఇది ముందే చెప్పుకోవాలి. మొదటి 24 గంటల్లో మెడ ఉబ్బి, ఊపిరి ఇబ్బంది అయితే అది లోపల రక్తం గడ్డకట్టడం కావచ్చు. రాత్రి రెండింటికి కుట్లు విప్పగల డాక్టరు వార్డులో ఉంటాడా అన్నది గది ఏసీదా కాదా అన్నదానికన్నా ముఖ్యం.

ఇక ఆపరేషన్ గదిలో ఏది బాగా జరగాలో తెలిస్తే సర్జన్ని ఎందుకింత గుచ్చిగుచ్చి అడగమంటున్నామో అర్థమవుతుంది. ఫ్యూజన్లో నరం పక్కన కొంచెం ఎముక ముల్లు మిగిలినా కదలిక ఆగిపోతుంది కాబట్టి అది తర్వాత తర్వాత తగ్గొచ్చు. కదిలే డిస్కు పెట్టినప్పుడు మిగిలిన ముల్లు నరానికి రోజూ రాసుకుంటూనే ఉంటుంది. అందుకని ఒకవైపే నొప్పి ఉన్నా రెండువైపులా నరం దారి పూర్తిగా తెరవాలి. కృత్రిమ డిస్కు సరిగ్గా మధ్యగీత మీద ఉండాలి; చారిటే అనే తొలినాళ్ల కృత్రిమ డిస్కు కేసుల్ని కొలిచి చూసినప్పుడు నడిమధ్యకి 3 మిల్లీమీటర్ల లోపు ఉన్నవి మేలైనవిగా, 5 దాటినవి చెడ్డవిగా లెక్కగట్టారు. ఫలితాలు కూడా దాన్ని బట్టే వచ్చాయి. పూసల్లో డిస్కు ఆనే భాగాన్ని మరీ చెక్కేస్తే డిస్కు కుంగుతుంది. డ్రిల్ చేసిన ఎముక పొడిని నీళ్లతో బాగా కడిగెయ్యకపోతే ఆ పొడే కొత్త ఎముకగా పెరిగి, కొన్నేళ్లకి కదిలే డిస్కు చుట్టూ వంతెన కట్టేస్తుంది; కదలిక కోసం కట్టిన డబ్బు ఫ్యూజన్‌గా తేలుతుంది. అందుకే కొందరు సర్జన్లు తర్వాత రెండు వారాలు ఇండోమెథాసిన్ లాంటి మాత్రలు ఇస్తారు. కడుపులో పుండు, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు ముందే చెప్పాలి.

సైజు గురించి. మెడ డిస్కుల ఎత్తు సాధారణంగా 5, 6, 7 మిల్లీమీటర్లు. ఖాళీ పెద్దదిగా తెరుచుకుంది కదా అని 7 దూరిస్తే వెనక ఫేసెట్ కీళ్లు సాగిపోయి, మెడ భుజాల మధ్య తగ్గని నొప్పి మొదలవుతుంది, డిస్కు కూడా బిగుసుకుపోయి కదలదు. ఎత్తులో చిన్నది మేలు, పరుపులో పెద్దది మేలు: పలక పూస అంచులదాకా పరుచుకోవాలి, ఎందుకంటే గట్టి ఎముక అంచుల్లో ఉంటుంది. పొట్టిగా, సన్నగా ఉండే మన ఆడవాళ్ల మెడ పూసలకి సరిపడే చిన్న పలకలు అన్ని కంపెనీల పెట్టెల్లోనూ ఉండవు. చాలా ఆస్పత్రుల్లో ఈ డిస్కులు అల్మారాలో నిలవ ఉండవు. కంపెనీ రెప్ ఆ పూట సెట్టు పట్టుకొస్తాడు. కావాల్సిన సైజు ఆ పెట్టెలో లేకపోతే ఉన్నదాన్నే సర్దుబాటు చేసే ప్రలోభం వస్తుంది. "రెండు రోజుల ముందే పూర్తి సెట్టు వచ్చిందా, కుదరకపోతే పెట్టడానికి కేజ్, ప్లేటు పక్కనే ఉంటాయా?" అని కోఆర్డినేటర్‌ని అడగండి. సమ్మతి పత్రంలో "వీలుకాకపోతే ఫ్యూజన్" అన్న మాట ఉండాలి, దానికి మీరు మనసులో సిద్ధపడి ఉండాలి. పత్రం తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటే తెలుగులో చెప్పించుకున్నాకే సంతకం పెట్టండి.

ఇప్పటికి కంపెనీ దగ్గరికొచ్చాం. చరిత్ర రెండు ముక్కల్లో: తూర్పు బెర్లిన్ చారిటే ఆస్పత్రిలో కర్ట్ షెల్నాక్, కారిన్ బ్యూట్నర్-యాన్స్ రూపొందించిన డిస్కుని 1984లో మొదటిసారి పెట్టారు (కారిన్ అంతకుముందు 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్ బంగారు పతకాలు గెలిచిన మనిషి). 2004లో అమెరికా ఎఫ్‌డీఏ (అక్కడ మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే సంస్థ) అనుమతి వచ్చింది. ఇప్పుడది మార్కెట్లో లేదు. ఫ్రాన్స్‌లో తియరీ మార్నే తెచ్చిన ప్రొడిస్క్ 1990లో మొదలై, నడుముకి 2006లో, మెడకి 2007లో అమెరికాలో అనుమతి పొందింది. మెడలో పక్కపక్క రెండు మట్టాలకి తొలి అనుమతి 2013లో మోబి-సీకి వచ్చింది. నడుముకి యాక్టివ్-ఎల్ 2015లో.

వీటి మధ్య తేడా నిర్మాణంలో ఉంది. ప్రొడిస్క్‌లో పై లోహపు గిన్నె, కింద కదలకుండా బిగించిన ప్లాస్టిక్ గుబ్బ. కదలిక గుబ్బ మీద తిరిగినట్టు ఉంటుంది, పక్కలకి జారదు కాబట్టి స్థిరత్వం ఎక్కువ, కానీ మధ్యగీత తప్పితే క్షమించదు. మోబి-సీలో మధ్య ప్లాస్టిక్ బిళ్ల కొద్దిగా జరుగుతుంది. మీ వెన్ను తన కేంద్రం తాను వెతుక్కుంటుంది, బదులుగా వెనక కీళ్ల మీద భారం ఎక్కువ. మూడో రకం రబ్బరులా నలిగే మధ్యభాగం ఉన్నవి, చెప్పడానికి అసలు డిస్కుకి దగ్గరగా ఉంటాయి. ఆ తరహాలో పేరున్న ఎం6 డిస్కుల చుట్టూ ఎముక కరిగిపోయిన కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. 2025లో ఆ ఉత్పత్తిని ఆపేస్తున్నట్టు దాన్ని తయారుచేసే సంస్థ ప్రకటించింది. ఇప్పటికే అది పెట్టించుకున్నవాళ్లు భయపడక్కర్లేదు గానీ బాధ లేకపోయినా ఏడాదికోసారి ఎక్స్‌రే మానొద్దు.

ఎముకలో పట్టు ఎలా దొరుకుతుందన్నదీ చూడాలి. కొన్నిటికి మధ్యలో రెక్కలాంటి కీల్ ఉంటుంది, పూసలో గాడి కోసి దాన్ని దించుతారు. పట్టు గట్టిది, కానీ పక్కపక్క రెండు డిస్కులు మారుస్తుంటే మధ్య పూసకి పైనా కిందా గాడి పడి నిలువుగా చీలే ప్రమాదం ఉంది. చిన్న పూసలున్నవాళ్లకి పళ్లూ ముళ్లూ ఉన్న రకం నయం. పలకల లోహం ఎక్కువగా కోబాల్ట్-క్రోమ్. గిల్టు నగలు పెట్టుకుంటే చెవి పుండయ్యేవాళ్లు ఈ సంగతి సర్జన్‌కి తప్పక చెప్పాలి. నికెల్ పడనివాళ్లకి ఏ లోహమో ముందే తేల్చాలి. కోబాల్ట్-క్రోమ్ వల్ల తర్వాత తీసే ఎమ్మారైలో ఆ చోటు మసకబారుతుంది, టైటానియం వల్ల అంత కాదు. లోహం మీద లోహం రాసుకునే రకం అంటే మాత్రం రెండుసార్లు ఆలోచించండి. తుంటి కీళ్లలో అలాంటి ఏఎస్ఆర్ రకాన్ని 2010లో ప్రపంచమంతటా వెనక్కి పిలిచారు, మన దేశంలో కూడా పరిహారం దాకా వెళ్లింది.

ఇన్ని చెప్పాక మా అభిప్రాయం ఇది: పదేళ్ల ఫలితాలు అచ్చయి ఉన్న రెండు మూడు రకాల్లో మీ సర్జన్ చేతికి అలవాటైనదే మీకు మంచిది. కొత్త రకాన్ని మీ మీద మొదటిసారి ప్రయత్నించనివ్వకండి.

ఎస్టిమేట్‌లో "ఇంప్లాంట్" అని ఒక్క ముక్క రాస్తే ఒప్పుకోకండి. కంపెనీ, మోడల్, సైజు, ఎమ్మార్పీ విడిగా రాయించుకోండి. గుండె స్టెంట్లకీ మోకాలి కీళ్లకీ 2017లో గరిష్ట ధర పెట్టారు, వెన్ను డిస్కులకి అలాంటిది లేదు; ఏడాదికి పది శాతానికి మించి ఎమ్మార్పీ పెంచకూడదన్నదొక్కటే నియమం. పెట్టె మీదున్న ధరకీ ఆస్పత్రి కొన్న ధరకీ మధ్య ఎంతో కొంత తేడా ఉంటుంది, కాబట్టి బేరం అడగడం తప్పు కాదు. దిగుమతి సరుకైతే 2017 వైద్య పరికరాల నిబంధనల కింద దిగుమతి లైసెన్సు ఉండాలి, ఆ నంబరు పెట్టె మీద ఉంటుంది. ఇన్సూరెన్సులో డిస్కు జబ్బులకి మొదటి రెండేళ్లు నిరీక్షణ కాలం పెట్టడం మామూలు. పాలసీ కొత్తదైతే ముందే చూసుకోండి. క్యాష్‌లెస్ అనుమతి ఫ్యూజన్ కోడ్ మీద తెచ్చి డిస్కు పెడితే క్లెయిము దగ్గర గొడవవుతుంది. అనుమతి పత్రంలో ఆపరేషన్ పేరు చదవండి.

డిశ్చార్జి రోజు డిస్కు పెట్టె స్టిక్కర్లు అడిగి తీసుకోండి: మోడల్, సైజు, లాట్ నంబరు ఉండేవి. ఒకటి కేసు షీటుకి, ఒకటి బిల్లుకి పోగా ఒకటి మీదే. రేపు ఎక్కడైనా వెనక్కి పిలిస్తే, లేదా ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు తెరవాల్సివస్తే, ఈ చిన్న కాగితం ఉంటేనే సరైన పనిముట్లు తెప్పించగలరు. ఇంప్లాంట్‌తో ఇబ్బంది వస్తే రోగి కూడా మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమానికి (వైద్య పరికరాలతో వచ్చే ఇబ్బందుల్ని నమోదు చేసేది) ఫిర్యాదు చేయొచ్చు. 1800-180-3024 ఉచిత నంబరు.

మెడ అయినా నడుమైనా మర్నాడే నడిపిస్తారు. కానీ కుట్లు తీసి మొదటి ఎక్స్‌రే చూసేదాకా, అంటే పది పధ్నాలుగు రోజులు, చెన్నైలోనే ఉండటం మంచిది. నడుం డిస్కు పెట్టిన చోటునుంచి పక్కకి జరిగితే మొదటి రెండు వారాల్లో సరిచేయడం సులువు; ఆ తర్వాత రక్తనాళాలు మచ్చ కణజాలంతో డిస్కుకి అతుక్కుపోతాయి, మళ్లీ ముందునుంచి వెళ్లడం చాలా ప్రమాదం, అప్పుడు చాలాసార్లు డిస్కుని అలాగే ఉంచి వెనకనుంచి స్క్రూలు వేస్తారు. ఇంటికి బస్సులో వద్దు. రైల్లో లోయర్ బెర్తు, మధ్యమధ్య లేచి నాలుగడుగులు. పిక్క వాచి నొప్పెడితే కాలి రక్తం గడ్డకట్టడం కావచ్చు, ఆగకుండా చూపించుకోండి. ఆరు వారాలు బిందె ఎత్తడం, నేల మీద కూర్చోవడం, స్పీడు బ్రేకర్ల మీద బండి నడపడం మానాలి. నడుం వెనక్కి విరవడం ముందుకు వంగడం కంటే ప్రమాదమని చాలామందికి తెలియదు. పై అరలోంచి డబ్బా దించేటప్పుడు అదే జరుగుతుంది. ఎక్స్‌రేలు 6 వారాలు, 3 నెలలు, 6 నెలలు, ఏడాది, తర్వాత ఏటా. నొప్పి లేదని ఏడాది తర్వాత ఎవరూ రారు. కుంగుబాటూ ఎముక కరగడమూ మొదట్లో నొప్పి పెట్టవు, ఎక్స్‌రేలోనే కనిపిస్తాయి. ఆ ఎక్స్‌రే మీ ఊళ్లోనే తీయించుకుని పంపినా సరిపోతుంది.

మీ ఆరోగ్యం పేజీకి ఒక మనవి. ఇలాంటి ఆపరేషన్ గురించి వ్యాసం వేసినప్పుడు ఎవరికి పనికిరాదో కూడా అదే సైజు అక్షరాల్లో వేయండి. రాసిన డాక్టరు గారికి ఏ కంపెనీతోనైనా సంబంధముంటే ఆ మాట కింద ఒక లైను రాయించండి.

ఇట్లు,
వెన్నెముక విభాగాల్లో పనిచేస్తున్న కొందరు తెలుగు ఓటీ నర్సులు, ఫిజియోథెరపిస్టులు
చెన్నై
(పేర్లు ప్రచురించవద్దని కోరుతున్నాం)